కాలు తగిలితే మొక్కే రైట్ హాఫ్

1959లో వానాకాలం బళ్ళు తెరిచినప్పుడు నేను కొల్లాపూర్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేరాను. మాది నల్లగొండ. అంతకు ముందు ఆరేళ్ళు హైదరాబాదులో ఒక క్లబ్బు తరఫున లెఫ్ట్ హాఫ్‌గా ఫుట్‌బాల్ ఆడాను. ఆ రోజుల ఆటలో వెనక ఇద్దరు బ్యాక్‌లు, ముందు ఐదుగురు ఫార్వర్డ్‌లు, మధ్యన ముగ్గురు హాఫ్ బ్యాక్‌లు ఉండేవారు. గోల్ కొట్టినవాణ్ణి జనం భుజాల మీద ఎత్తుకునేవారు. గోల్ ఆపినవాడికి ఇరానీ చాయ్ తాగించేవారు. అవతలివాళ్ళ దగ్గర బంతి గుంజుకొని మనవాళ్ళకు అందిస్తూ, ఆట అయ్యేదాకా మధ్యలో పరుగెత్తే హాఫ్ బ్యాక్‌ను మాత్రం "నువ్వు గూడ ఆడినవా?" అని అడిగేవారు. మేం గెలిచిన ఒక ఫైనల్ కళ్ళారా చూసి, మా మామగారే నన్ను ఆ మాట అడిగారు.

ఆరో ఏడు నా ఎడమ మోకాలు మెలిపడి మళ్ళీ సరిగ్గా కుదురుకోలేదు. ఇక ఆడలేవు, ఆడించడమే మిగిలిందని మాకు ఆట నేర్పిన ఉస్తాద్ చెప్పాడు. అందులో దిగులు పడాల్సిందేమీ లేదని కూడా చెప్పాడు. దక్షిణ అమెరికాలో మంచి కోచ్‌లు చాలామంది ఒకప్పటి హాఫ్ బ్యాక్‌లేనట. మధ్యన నిలబడి రెండు వైపులా చూసి చూసి అలవాటైన కళ్ళు కాబట్టి, గీత అవతల కూచున్నా వాళ్ళకు మైదానమంతా కనపడుతుందట. ముందటేడే బ్రెజిల్ వాళ్ళు ప్రపంచ కప్పు గెలిచి ఉన్నారు. ఆ దిక్కు పేరు చెబితే చాలు, నేను ఏదైనా నమ్మేవాణ్ణి. ఆ నమ్మకంతోనే భార్యను, ఆరు నెలల పిల్లను, ఒక ట్రంకు పెట్టెను వెంటబెట్టుకొని కొల్లాపూర్ బస్సెక్కాను.

నా పోస్టు ఒక్క ఏడాదికే. చేరిన నెలకే మహబూబ్‌నగర్ నుంచి జిల్లా విద్యాధికారి తనిఖీకి వచ్చారు. మేం ఆయన్ను డి.ఇ.ఓ. సాబ్ అనేవాళ్ళం. ఆయనకు ఫుట్‌బాల్ అంటే ప్రాణం. హాజరు పట్టీ అడగకుండా నేను ఏ క్లబ్బుకు ఆడానో అడిగారు. పోతూ పోతూ, జీపులో ఒక కాలు పెట్టి ఒక మాట అన్నారు.

"జిల్లా టోర్నమెంటు కప్పు పట్కరాండ్రి మాస్టర్. మీ పోస్టు పర్మనెంటు జేపిచ్చే జిమ్మా నాది. కప్పు రాకుంటె మాత్రం నన్ను అడగొద్దు."

కప్పు రాకపోతే నా గతేమిటో నాకు బాగా తెలుసు. నల్లగొండలో మా మామగారికి బట్టల దుకాణం ఉంది. అందులో ఒక గజంబద్ద నా కోసం కాచుకొని ఉంది. అల్లుడు బంతి వెంట ఉరుకుడు మానుకొని ఎప్పుడు గుడ్డ కొలుస్తాడా అని ఆయన పెళ్ళినాటి నుంచి ఎదురు చూస్తున్నారు. నేను కొల్లాపూర్‌లో దిగి సామాను సర్దుకోకముందే ఆయన ఉత్తరం వచ్చింది. దుకాణంలో నా కోసం కొత్త పరుపు కూడా వేయించారట.

ఇక నా సైన్యం. ఆ రోజుల్లో పదో తరగతి పిల్లలంటే పిల్లలని అనుకోకండి. ఆలస్యంగా బళ్ళో చేరి, నడుమ నడుమ వ్యవసాయానికి మానేసి, మళ్ళీ వచ్చి చేరినవాళ్ళు. సగం మందికి మీసాలుండేవి. మా కెప్టెన్ ఉస్మాన్ గాజుల దుకాణం వాళ్ళ కొడుకు. అతనికి నిఖా అయి ఏడాది దాటింది. ప్రాక్టీసుకు ఎందుకు రాలేదని అడిగితే అత్తగారింటికి పోయానని చెప్పేవాడు. బూట్లు ఎవరికీ లేవు. అందరివీ ఉత్త కాళ్ళే. బంతి ఒక్కటే ఉండేది. దాని బ్లాడర్‌కు, అంటే లోపలి రబ్బరు తిత్తికి, సైకిల్ దుకాణంవాడు వేసిన అతుకులు ఎన్నో ఉండేవి. ఎటు తంతే అటు పోకుండా తనకు తోచిన దిక్కు పోయేది.

ఇంతలో నాకు మల్లయ్య దొరికాడు. సోమశిల దగ్గర కృష్ణలో పుట్టి నడిపే కుటుంబం వాళ్ళది. పుట్టి అంటే నీళ్ళ మీద గిరగిరా తిరుగుతూ పోయే గుండ్రని తెప్ప. అతనికి పంతొమ్మిదేళ్ళుంటాయి. వారమంతా కొల్లాపూర్‌లో మేనత్త ఇంట్లో ఉండి చదువుకుంటూ, ఆదివారం పోయి తండ్రితో పాటు తెడ్డు వేసేవాడు. తిరిగే పుట్టిలో నిలబడి పెరిగిన మనిషిని నేల మీద పడగొట్టడం ఎవరి తరం? మా జట్టులో ఎవరు గుద్దుకున్నా వాళ్ళే పడేవారు. అంతకంటే గొప్ప సంగతి ఇంకొకటి. బంతి తన దగ్గరికి రాకముందే అతను తల తిప్పి నాలుగు దిక్కులూ చూసుకునేవాడు. నదిలో సుడి ఎక్కడుందో ముందే చూసుకునే అలవాటది. నాకు హైదరాబాదులో అది నేర్చుకోవడానికి మూడేళ్ళు పట్టింది. రైట్ హాఫ్ దొరికాడని ఆ సాయంత్రం మా ఆవిడకు చెప్పాను. మామగారి ఉత్తరానికి జవాబు రాయాల్సిన పని లేదని కూడా చెప్పాను.

మరునాడు టాకిల్ నేర్పించాను. టాకిల్ అంటే అవతలివాడి కాళ్ళ మధ్య ఉన్న బంతిని మన కాలు అడ్డం వేసి గుంజుకోవడం. హాఫ్ బ్యాక్‌కు అదే అన్నం పెట్టే విద్య. ఉస్మాన్ బంతి తీసుకొని వచ్చాడు. మల్లయ్య ఎదురుపోయి, కాలు వేసి, ఎంత చక్కగా గుంజుకున్నాడంటే నేను చప్పట్లు కొట్టబోయాను. అంతలో మల్లయ్య బంతిని అక్కడే వదిలేశాడు. వంగి ఉస్మాన్ కాలిని చేత్తో తాకి, ఆ చెయ్యి రెండు కళ్ళకూ అద్దుకున్నాడు. ఉస్మాన్ వంగినవాడి పక్కనుంచి బంతి తీసుకుపోయి తీరిగ్గా గోల్ కొట్టాడు.

ఇదేమిటని అడిగాను. ఉస్మాన్‌కు తన కాలు తాకిందని చెప్పాడు. మనిషికి కాలు తగిలితే తాకి కళ్ళకు అద్దుకోవాలన్నది మన ఇళ్ళలో అందరికీ నేర్పేదే. కానీ ఇది ఆట అని, ఆటలో కాలు తగలకుండా ఎట్లా ఉంటుందని కోప్పడ్డాను.

"ఆటల తాకినా కాలు కాలే గద సార్," అన్నాడు.

అతను మొండిగా ఎదురు మాట్లాడలేదు. నిజంగా నాకు తెలియదనుకొని చెప్పినట్టు, చాలా మర్యాదగా చెప్పాడు. ఆ మర్యాదతోనే నా నాలుగు నెలలు తిన్నాడు.

వైద్యం మొదలుపెట్టాను. మొదట మొక్కినప్పుడల్లా మైదానం చుట్టూ ఒక చుట్టు పరుగెత్తమని శిక్ష వేశాను. అతను సంతోషంగా పరుగెత్తేవాడు. పది రోజుల్లో వాడి దమ్ము ఇంకా పెరిగింది, మొక్కడం మాత్రం తగ్గలేదు. తర్వాత పాత ధోవతి చింపి కాళ్ళకు పట్టీలు కట్టించాను. ఇప్పుడు తగిలేది బట్టే, కాలు కాదని బోధించాను. బట్టలో ఉన్నది తన కాలే కదా అని మళ్ళీ మర్యాదగానే అడిగాడు. అప్పటికప్పుడు మొక్కకు, ఎవరెవరికి తగిలిందో గుర్తు పెట్టుకొని ఆట అయిపోయాక అందరికీ ఒకేసారి మొక్కు అని బతిమాలాను. దానికి ఒప్పుకున్నాడు. పక్క ఊరి జట్టుతో ప్రాక్టీసు మ్యాచి పెట్టాను. ఎవరికి ఎన్నిసార్లు తగిలిందో లెక్క పెట్టుకోవడంలో మునిగి, బంతి తన ముందు నుంచి పోతున్నా చూడలేదు. మ్యాచి ఓడిపోయాం. ఆట అయ్యాక మావాళ్ళంతా బస్సెక్కినా మల్లయ్య కనపడలేదు. వెతికితే, అవతలి జట్టు లెఫ్ట్ వింగ్ పిల్లవాడు తొందరగా ఇంటికి పోయాడని, ఇల్లు కనుక్కొని పోయి, అన్నం తింటున్నవాడికి మొక్కి వస్తున్నాడు. వాళ్ళమ్మ ఇచ్చిన సజ్జరొట్టె చేతిలో ఉంది. డ్రైవరు మమ్మల్నందరినీ తిట్టాడు.

ఆ లెక్కల పద్ధతి మానిపించాక, ఇంకో మ్యాచిలో అవతలివాళ్ళకు ఈ సంగతి పావుగంటలో తెలిసిపోయింది. మల్లయ్య దగ్గరికి బంతి వచ్చినప్పుడల్లా వాళ్ళే తమ కాలు తెచ్చి అతని కాలికి రాసేవారు. అతను వంగేవాడు. వాళ్ళు బంతి తీసుకొని పోయేవారు. గీత పక్కన నిలబడి నేను ఎంత అరిచానంటే, మరునాడు ప్రార్థనలో 'సావధాన్' అని చెప్పడానికి గొంతు లేక విజిల్‌తో సరిపెట్టాను.

ఒకరోజు విసిగిపోయి అతన్ని కూచోబెట్టుకొని బ్రెజిల్ సంగతి చెప్పాను. వాళ్ళు ప్రపంచంలో అందరికంటే బాగా ఆడతారని, వాళ్ళెవరూ ఆటలో మొక్కరని చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"ఎవ్వలికీ మొక్కరా సార్?"

"ఎవ్వలికీ మొక్కరు."

"మరి పండుకుంటె నిద్ర పడ్తదా వాళ్ళకు?"

నేను ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. బ్రెజిల్ వాళ్ళ సంగతి తెలియదు.

టోర్నమెంటు ఇంకో నెల ఉందనగా ఆదివారం నేనే సోమశిలకు పోయాను. నా మాట వినని కొడుకు తండ్రి మాటైనా వింటాడని ఆశ. తండ్రి పేరు బాలయ్య. బక్కపలుచని మనిషి, ఎండకు నల్లబడి ఉన్నాడు. నన్ను పుట్టిలో కూచోబెట్టుకొని అవతలి ఒడ్డుకు పోతూనే నా గోడు విన్నాడు. కొడుకు ఆటలో మొక్కకుండా చూడమన్నాను. నా నౌకరి సంగతి కూడా దాచకుండా చెప్పాను. పుట్టిలో ఇరవై మంది, రెండు మేకలు, ఒక జొన్నల మూట ఉన్నాయి. కాలు కదిపితే ఎవరికో తగులుతుంది. తెడ్డు వేస్తూ జరిగినప్పుడల్లా ఆయన కాలు ఎవరికో ఒకరికి తగులుతూనే ఉంది. ఆయన మాత్రం ఒక్కసారి కూడా వంగలేదు.

అది చూసి నాకు కోపం వచ్చింది. కొడుక్కు నేర్పి తండ్రి ఎట్లా మానేశాడని అడిగాను. బాలయ్య నవ్వాడు.

"ఒక్కొక్కనికి వంగుకుంట కూసుంటె తెడ్డెవలు ఎయ్యాలె సార్? జనం మస్తుగున్ననాడు ఒడ్డు మీదనే, పుట్టి ఎక్కకముందే, అందరికి ఒక్కసారి మొక్కుత. కాలు తాకేదున్నది, మాఫ్ జెయ్యుండ్రి అని. ఇంక గా దినం అంతటికి అదే."

నేను పుట్టిలో లేచి నిలబడ్డాను. అది గిర్రున తిరిగి మేకలు అరిచాయి. ఇరవై మందీ నన్ను కూచోమని కేకలు వేశారు. నాలుగు నెలలుగా నేను ఆలోచించని సంగతి అది. ఆట అయ్యాక మొక్కమన్నాను, అసలు మొక్కడమే మానమన్నాను, ముందే మొక్కిస్తే సరిపోతుందని తోచలేదు. బాలయ్య తనే కొడుకును పిలిచి చెప్పాడు. జనం మస్తుగున్ననాటి పద్ధతి ఆటకు కూడా చెల్లుతుందని తండ్రి నోట విన్నాక మల్లయ్య ముఖం వెలిగిపోయింది. పాపం, వాడు కూడా నాలుగు నెలలుగా నలిగిపోతున్నాడని నాకు అప్పుడు గానీ తెలియలేదు.

మహబూబ్‌నగర్ టోర్నమెంటు మూడు రోజులు. మొదటి రోజు విజిల్ కాకముందే మల్లయ్య అవతలి జట్టు వరుస ముందుకు పోయి, పదకొండు మంది కాళ్ళూ తాకి, పదకొండుసార్లు కళ్ళకు అద్దుకొని వచ్చాడు. వాళ్ళ గోల్‌కీపర్ భయపడి గోల్ పోస్టు వెనక్కు పోయాడు. ఇదేదో చేతబడి అని వాళ్ళ మాస్టరు రిఫరీకి ఫిర్యాదు చేశాడు. మా దిక్కు ఆనవాయితీ అని నేను చెప్పాను. అబద్ధమేమీ కాదు, ఆ దిక్కు నది మీద నిజంగానే ఆనవాయితీ. ఆ తర్వాత ఆట చూడాలి. మొక్కు ముందే తీరిపోయిన మల్లయ్య మైదానం మధ్యలో నిలబడి వచ్చిన ప్రతి బంతినీ గుంజుకున్నాడు. గుంజుకున్న ప్రతి బంతినీ ఉస్మాన్ కాలి దగ్గరికి పంపాడు. మూడు గోల్స్‌తో గెలిచాం. రెండో రోజు రెండు గోల్స్‌తో గెలిచాం. ఆ సాయంత్రం బజారులో మా ఆవిడకు గాజులు కొన్నాను. ఉస్మాన్ తోడొచ్చి బేరమాడాడు.

ఫైనల్ ఆ ఊరి జట్టుతోనే. రిఫరీగా డి.ఇ.ఓ. సాబ్ స్వయంగా దిగారు. వయసులో ఉన్నప్పుడు ఆడారట, ఆ ముచ్చట ఇంకా తీరలేదు. ఖాకీ నిక్కరు వేసుకొని, పొట్ట మీద విజిల్ వేలాడేసుకొని వచ్చారు. న్యాయంగా ఊదేవారు, అందులో వంక పెట్టడానికి లేదు. కానీ ఆయన పరుగెత్తలేరు, పక్కకు జరగలేరు. బంతి ఎటు పోవాలో సరిగ్గా అక్కడే నిలబడేవారు. ఆ విద్య ఉన్న మనిషి హాఫ్ బ్యాక్‌గా ఉండాల్సింది, రిఫరీగా కాదు.

మల్లయ్య మామూలుగానే పదకొండు మందికీ మొక్కాడు. ఆట మొదలైంది. వాళ్ళొక గోల్ కొట్టారు, ఉస్మాన్ ఒక గోల్ కొట్టాడు. రెండో సగం అంతా మల్లయ్యదే. జనం గోల్ కొట్టినవాణ్ణి వదిలేసి మా రైట్ హాఫ్ పేరు అడగడం నా చెవులతో విన్నాను. హాఫ్ బ్యాక్ పేరు జనం అడగడం నా జీవితంలో అదే మొదటిసారి. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంకో గోల్ వస్తే కప్పు మాదే. గోల్ వచ్చేలాగే ఉంది.

ఐదు నిమిషాలు ఉందనగా వాళ్ళ సెంటర్ ఫార్వర్డ్ బంతి తీసుకొని బయల్దేరాడు. మల్లయ్య అడ్డం పడటానికి వెనక్కు వెనక్కు పరుగెత్తాడు. నాలుగు దిక్కులూ చూసుకునే మనిషే, కానీ వెనక డి.ఇ.ఓ. సాబ్ ఉంటారని ఎవరనుకుంటారు? మల్లయ్య మడమ ఆయన మోకాలి కింద ఠప్పున తగిలింది. ఆయన ఉన్నచోటే కూలబడ్డారు.

మేం పదకొండు మందికి ముందే మొక్కించాం. రిఫరీకి మొక్కించలేదు. ఆ సంగతి నాకు, మల్లయ్యకు ఒకే క్షణంలో తెలిసింది. నేను గీత పక్కనుంచి వద్దని చేతులూపాను. అతను నా వైపు చూశాడు, చూసి కూడా వంగాడు. కింద కూచున్న డి.ఇ.ఓ. సాబ్ కాలిని రెండు చేతులతో తాకి, కళ్ళకు అద్దుకొని, ఆయన్ను చంకలో చెయ్యి వేసి లేపబోయాడు. వాళ్ళ సెంటర్ ఫార్వర్డ్ వాళ్ళిద్దరి పక్కనుంచి పోయి గోల్ కొట్టాడు. డి.ఇ.ఓ. సాబ్ మల్లయ్య భుజం పట్టుకొని సగం లేచి, ఆ సగంలోనే గోల్ విజిల్ ఊదారు. రెండు ఒకటితో ఓడిపోయాం.

బహుమతులు ఇచ్చేటప్పుడు ఆయన కుంటుతూ మైకు దగ్గరికి వచ్చారు. కప్పు ఇవ్వవలసినవాళ్ళకు ఇచ్చేశారు. తర్వాత మల్లయ్యను ముందుకు పిలిచారు. ఇరవై ఏళ్ళ నుంచి మ్యాచిలు ఊదుతున్నానని, తన్నులు తిన్నానని, తిట్లు తిన్నానని, కప్పు పోతున్నా ఆగి మొక్కిన పిల్లవాణ్ణి చూడలేదని అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన నా వైపు తిరిగారు.

"గీ తమీజ్ మీరే నేర్పిండ్రా మాస్టర్?"

ఆ మర్యాద నేర్పింది నేనేనంటే చాలు. ఆయన ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది, కప్పు లేకపోయినా ఆ ఒక్క మాట మీద పోస్టు ఇచ్చేసేలా ఉన్నారు. అవునన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. నా వెనక మా పదకొండు మందీ నిలబడి ఉన్నారు. నాలుగు నెలలుగా నేను ఏం నేర్పడానికి గొంతు చించుకున్నానో వాళ్ళకు తెలుసు. వాళ్ళలో ఒక్కరూ నోరు విప్పరు, అది నాకు తెలుసు. అదే కష్టమైంది.

"లేదు సార్," అన్నాను. "వాళ్ళ బాపు నేర్పిండు. నేను నాలుగు నెలల సంది మానిపియ్యనీకి జూసిన. మానలేదు."

మైదానమంతా నవ్వింది. డి.ఇ.ఓ. సాబ్ కూడా పొట్ట పట్టుకొని నవ్వారు. నవ్వు ఆపుకున్నాక, కప్పు అంటే కప్పేనని, మాట మాటేనని, పర్మనెంటు కుదరదని చెప్పారు. అయితే ఇంకొక ఏడాది పొడిగించమని రాసి చూస్తానన్నారు. వస్తుందని మాత్రం చెప్పలేనన్నారు.

"మల్ల ఏడు గిట్ట వస్తె," అన్నారు మోకాలు రుద్దుకుంటూ, "నాకు గూడ ముందుగాలనే మొక్కిపియ్యుండ్రి."

బస్సులో మల్లయ్య అందరికంటే వెనక సీట్లో కూచుని కొల్లాపూర్ దాకా కిటికీ లోంచి చూస్తూనే ఉన్నాడు. ఇంటికి పోయాక మా ఆవిడ గాజులు చూసి సంతోషపడింది, సంగతి విని తీసి పెట్టెలో పెట్టింది. మామగారికి ఏం రాయాలో ఇద్దరికీ తోచలేదు.

సోమవారం సాయంత్రం మామూలుగా ప్రాక్టీసుకు పోయాను. ఓడిపోయిన జట్టును ఇంట్లో కూచోబెట్టకూడదని మా ఉస్తాద్ అనేవాడు. రెండు పక్షాలు చేసి ఆడిస్తున్నాను. ప్రాక్టీసులో ముందుగా మొక్కే పద్ధతి పెట్టలేదు. మనలో మనమే కదా, తగిలినప్పుడు మొక్కుకుంటూ ఆడనీ అని వదిలేసేవాణ్ణి. ఉస్మాన్ బంతి తీసుకొని వచ్చాడు. మల్లయ్య ఎదురుపోయి కాలు వేశాడు. కాలు కాలికి గట్టిగా తగిలిన చప్పుడు నాకు వినపడింది. ఉస్మాన్ పడిపోయాడు. మల్లయ్య వంగలేదు. బంతి తీసుకొని, తల ఎత్తి చూసి, ఎడమ దిక్కు పిల్లవాడికి అందించాడు. తప్పు పట్టడానికి వీల్లేని టాకిల్. నాలుగు నెలలుగా నేను ఏది కావాలని అరిచానో, అచ్చంగా అదే.

ఆడుతున్నవాళ్ళంతా ఆగిపోయారు. కింద పడ్డ ఉస్మాన్ కూడా లేవకుండా, కాలు చాపుకొని, అలవాటుగా ఎదురు చూస్తున్నాడు. మల్లయ్య ఎవరి వైపూ చూడలేదు. అతని చేతులు మాత్రం రెండూ పిడికిళ్ళు పట్టి పక్కకు వేలాడుతున్నాయి. ఆ చేతులను ఆపుకోవడానికి వాడు ఎంత కష్టపడుతున్నాడో నాకు కనపడింది. బస్సులో ఐదు గంటలు వాడు కిటికీ లోంచి చూసింది ఇదేనన్నమాట.

నేను విజిల్ ఊదాను. ఎందుకు ఊదానో మొదట నాకే తెలియదు. ఫౌల్ లేదు, బంతి గీత దాటలేదు. కుంటుకుంటూ మైదానం మధ్యకు పోయాను.

"మొక్కురా," అన్నాను.

"వద్దు సార్. నా మొక్కుతోని మీ నౌకరి పోతాంది."

"నౌకరి సంగతి నేను జూసుకుంట బిడ్డా. నువ్వు మొక్కు."

మల్లయ్య పిడికిళ్ళు విప్పాడు. తర్వాత వంగి ఉస్మాన్ కాలు తాకి కళ్ళకు అద్దుకున్నాడు. అద్దుకున్న చేతులు కళ్ళ మీది నుంచి తియ్యడానికి మాత్రం చాలాసేపు పట్టింది. ఉస్మాన్ లేచి వాణ్ణి భుజం మీద ఒకటి చరిచి, ఇంత గట్టిగా తన్నినందుకు రెండుసార్లు మొక్కాలని అన్నాడు. అందరూ నవ్వారు, ఆట మళ్ళీ మొదలైంది.

పొడిగింపు ఉత్తర్వు వేసవిలో వచ్చింది. పోస్టు ఆ తర్వాత ఎప్పుడో, తాత్కాలికపు మాస్టర్లందరితో పాటు పర్మనెంటయింది, కప్పుతో ఏ సంబంధం లేకుండానే. ముప్పై ఏళ్ళు కోచ్‌గా ఉన్నాను. ఆటగాడి కాలిని చూసి తప్పులు దిద్దడం ఎవరైనా నేర్చుకోవచ్చు. ఆ కాలు ఏ ఇంటి నుంచి నడిచి వచ్చిందో చూడకుండా దిద్దబోతే, ఆట బాగుపడి మనిషి చెడిపోతాడని నాకు నేర్పింది మల్లయ్యే. ఆ ముప్పై ఏళ్ళలో నేను ఊదిన విజిళ్ళలో తొందరపడి ఊదినవి ఉన్నాయి, కోపంతో ఊదినవి ఉన్నాయి, పొరపాటున ఊదినవి లెక్కలేనన్ని ఉన్నాయి. ఆ సోమవారం సాయంత్రం ఊదినదొక్కటి సరిగ్గా ఊదాను.